పోయిన దారినే మరలి రానేల?

తెలుగునాట నేడు ఏ పట్టణమునకు పోయినను, కుమారుడో కుమార్తెయో అమెరికాలో స్థిరపడగా రెండేండ్లకో మూడేండ్లకో ఒకమారు అచ్చటికి పోయి, మనుమల నెత్తుకొని, ఐదారు నెలలు గడపి తిరిగివచ్చు తలిదండ్రులు వీధివీధినను కానవచ్చుచుందురు. శంషాబాదులో విమానమెక్కి, దుబాయిలోనో దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారి, అట్లాంటిక్ మహాసముద్రమును నిద్రలో దాటి గమ్యము చేరుట, గడువు ముగియవచ్చినంతనే ఆ సముద్రమునే మరల నిద్రలో దాటి ఇల్లు చేరుట, ఇదియే వారి యాత్రాక్రమము. అయితే ఈ యాత్రలో మనము గమనింపక విడిచిపెట్టిన భూగోళసత్య మొకటి కలదు. హైదరాబాదు తూర్పు రేఖాంశము 78 డిగ్రీలకు పైచిలుకున నున్నది. మనవారు విస్తారముగా కాపురముండు హ్యూస్టన్ నగరము పశ్చిమ రేఖాంశము 95 డిగ్రీలకు పైచిలుకున నున్నది. ఈ రెంటి నడిమి అంతరము ఇంచుమించు 174 డిగ్రీలు, అనగా సంపూర్ణ వలయమున సగమునకు ఆరు డిగ్రీలు మాత్రమే తక్కువ. పడమటగా పోయినను, తూర్పుగా పోయినను ఆ యూరు చేరవచ్చును. కాబట్టి ఒక సముద్రము మీదుగా పోయినవారు రెండవ సముద్రము మీదుగా మరలివచ్చినయెడల, వేరొక ప్రయత్నము లేకయే వారికి భూప్రదక్షిణము సిద్ధించును. బిడ్డల ఖాతాలలో పేరుకొనియున్న విమాన పాయింట్లను ఈ పనికి వినియోగింపవలెననియు, అదియును కాలయాపనము లేక చేయవలెననియు విన్నవించుటకే నేనీ వ్యాసమునకు పూనుకొంటిని.

పోయిన దారిన మరలి రాకుండుట మన యాత్రికులకు క్రొత్త కాదు. చెన్నపట్టణము సుప్రీము కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున సపరివారముగా బయలుదేరి, తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయాక్షేత్రమును సేవించి, మరలివచ్చునపుడు కలకత్తా, జగన్నాథము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు అను తూర్పుతీరపు మార్గమున 1831లో స్వస్థానము చేరిరి. దారిలో తాము చూచిన ప్రతి యూరిని, ప్రతి ఏటిని, ప్రజల ఆచారవ్యవహారములను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి ఉత్తరములుగా వ్రాయగా, అవియే 1838లో కాశీయాత్రచరిత్రయను పేర అచ్చుపడినవి. ఆ గ్రంథమునకు నేటికిని గల విలువలో సగము వారు రెండు దారులు నడచుటవలన కలిగినదని నా తలంపు. డెక్కను పీఠభూమిని మాత్రమే రెండుమారులు చూచియున్నచో, తీరదేశపు వృత్తాంతము మన కొక్క యక్షరమైనను దక్కియుండెడిది కాదు. పల్లకీలతోను బోయీలతోను సాగిన కాలముననే సాధ్యమైన ఈ నియమమును, విమానముల కాలమున మనము మరచుట విచారకరము.

సామాన్య ప్రయాణికుడు భూమిని చుట్టివచ్చుట అన్న భావము పుట్టియే నూటయేబది యేండ్లు దాటినది. 1869లో సూయజ్ కాలువ తెరవబడుట, అదే సంవత్సరమున అమెరికాలో తీరమునుండి తీరమువరకు రైలుమార్గము పూర్తియగుట, మరుసటి యేడు బొంబాయి కలకత్తాల నడుమ రైలు నడచుట, ఈ మూడును కలియగా భూవలయము ఒక్కమారుగా చిన్నదైనది. ఇంగ్లండులో థామస్ కుక్ 1872లో తన తొలి భూప్రదక్షిణ యాత్రికబృందమును వెంటబెట్టుకొని బయలుదేరెను. జూల్స్ వెర్న్ నవల వెలువడినదియు ఆ కాలముననే. 1889లో అమెరికా పత్రికారచయిత్రి నెల్లీ బ్లై ఒంటరిగా బయలుదేరి 72 దినములలో భూమిని చుట్టివచ్చినది. పిమ్మట 1947 జూన్ మాసమున పాన్ అమెరికన్ సంస్థవారు భూమిని చుట్టు విమానసర్వీసును ప్రారంభించిరి. ఆ విమానము కరాచీలోను కలకత్తాలోను దిగి పోవుచుండెడిది. 1982లో ఆ సర్వీసు ఆగిపోయినది. ఆ పిమ్మట ఒక్క సంస్థ చేయజాలని పనిని పెక్కు సంస్థలు కూడి చేయ నారంభించినవి: 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ అను కూటములు వెలసినవి. 2014లో మన ఎయిర్ ఇండియా స్టార్ కూటమిలో చేరినది. ఒక సంస్థ ఖాతాలోని పాయింట్లతో అదే కూటమిలోని వేరొక సంస్థ విమానమెక్కు వెసులుబాటు ఈ కూటముల మూలమున కలిగినదే. పాయింట్ల భూప్రదక్షిణమునకు ఇదియే పునాది.

ఈ పాయింట్లు మనవారి యొద్ద ఎట్లు చేరినవో చెప్పవలసియున్నది. 1978లో అమెరికా ప్రభుత్వము విమానచార్జీల మీది నియంత్రణమును తొలగించుటతో సంస్థల నడుమ పోటీ పెరిగి, నిత్యప్రయాణికులను చేజార్చుకొనకుండుటకై 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ప్రయాణించిన మైళ్ళను లెక్కించి ఉచిత టిక్కెట్టు నిచ్చు పథకము నారంభించిరి. యునైటెడ్ వారు కొద్ది దినములకే అనుసరించిరి. తొలుత మైళ్ళు ఎగిరినవానికే మైళ్ళు దక్కెడివి. నేడు వానిలో అధికభాగము క్రెడిట్ కార్డుల మూలమున వచ్చుచున్నది: బ్యాంకులు సంస్థలనుండి మైళ్ళను టోకున కొని తమ ఖాతాదారులకు పంచుచున్నవి. క్రొత్తగా కార్డు తీసికొని మొదటి మూడు నెలలలో నిర్ణీతమైన మొత్తము ఖర్చుచేసినవారికి వేలకొలది పాయింట్లు బోనస్‌గా వచ్చును. కిరాణా కొన్నను, కారుకు పెట్రోలు పోయించినను, పిల్లల చదువునకు చెల్లించినను పాయింట్లు చేరుచునే యుండును. డాలస్‌లోను న్యూజెర్సీలోను ఉద్యోగము చేయు భార్యాభర్తలు నాలుగైదేండ్లలో తమకు తెలియకయే లక్షలలో పాయింట్లు కూడబెట్టిన ఉదాహరణములు అరుదు కావు. ఇట్లు కూడిన పాయింట్లను వారిలో పెక్కుమంది తాము స్వదేశమునకు వచ్చిపోవు టిక్కెట్టునకో, లేక షాపింగు కూపన్లకో వెచ్చించి ముగించుచున్నారు. షాపింగు కూపన్లుగా మార్చినపుడు పాయింటు విలువ మిక్కిలి తగ్గిపోవును. దూరదేశముల విమానమున, అందును బిజినెస్ తరగతిలో, అది ఇనుమడించును.

భూప్రదక్షిణమునకే ప్రత్యేకముగా ఏర్పడిన అవార్డు టిక్కెట్లు, అనగా పాయింట్లతో పొందు టిక్కెట్లు, కొన్ని కలవు. జపానుకు చెందిన ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ వారి టిక్కెట్టు చాలాకాలము యాత్రికులకు ప్రీతిపాత్రమై యుండెను. దానిపై అట్లాంటిక్‌ను ఒకమారు, పసిఫిక్‌ను ఒకమారు దాటవలసియుండెను; తూర్పుగానో పడమరగానో ఒకే దిక్కున సాగవలసియుండెను; పండ్రెండు విమానముల వరకు ఎక్కుటకును, ఎనిమిది చోట్ల దిగి నిలుచుటకును వీలుండెను; మొత్తము దూరమునుబట్టి మైళ్ళు చెల్లింపవలసియుండెను. పెక్కు సంవత్సరములు అమలులో నుండిన పట్టికలో 20 వేల మైళ్ళు దాటి 22 వేల మైళ్ళ లోపల నుండు ప్రదక్షిణమునకు బిజినెస్ తరగతిలో మనిషికి 1,25,000 మైళ్ళు చాలెడివి. ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ పథకమున వన్‌వరల్డ్ కూటమి విమానములలో 35 వేల మైళ్ళ వరకు, ఐదు మజిలీలతో తిరుగుటకు వీలు కల్పించిరి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ పథకము స్టార్ కూటమిలో అట్టి యేర్పాటునే 35 వేల మైళ్ళు, ఏడు మజిలీలు అను హద్దులతో చేసినది.

ఇపుడు మన తలిదండ్రుల ప్రయాణమును ఈ లెక్కలలో పెట్టి చూతము. హైదరాబాదునుండి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,400 మైళ్ళు. అచ్చటినుండి హ్యూస్టన్ 5,200 మైళ్ళు. హ్యూస్టన్‌నుండి టోకియో 6,600 మైళ్ళు. టోకియోనుండి బ్యాంకాక్ 2,900 మైళ్ళు. బ్యాంకాక్‌నుండి హైదరాబాదు 1,500 మైళ్ళు. అన్నియు కూడగా 20,600 మైళ్ళు. లుఫ్తాన్సా, యునైటెడ్, ఆల్ నిప్పన్, తాయ్ సంస్థలు నాలుగును స్టార్ కూటమిలోనివే గనుక ఈ వలయమంతయు ఒకే కూటమిలో ఇముడును. ఇదేమి చెప్పుచున్నదో చూడుడు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే పోయి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే మరలినను రానుపోను 19,200 మైళ్ళగును. భూమి నంతటిని చుట్టుటకు అదనముగా ఎగురవలసినది 1,400 మైళ్ళు మాత్రమే. అది హైదరాబాదునుండి బ్యాంకాక్‌కు గల దూరముకంటెను తక్కువ. లోకమును చుట్టుట ధనికుల విలాసమనియు, నెలల తరబడి తిరుగువారి పనియనియు మనలో నాటుకొన్న అభిప్రాయము ఈ నాలుగు అంకెల ముందర నిలువజాలదు. అమెరికాకు పోవు ప్రతి తెలుగు తల్లియు, ప్రతి తెలుగు తండ్రియు సగము ప్రదక్షిణమును ఎట్లును చేయుచునే యున్నారు. తక్కిన సగమును మనమే వారికి చేజార్చుచున్నాము.

టిక్కెట్టు సంపాదించు విధానమున కొంత ఓర్పు, కొంత క్రమము అవసరము. సంస్థలు అవార్డు సీట్లను ప్రయాణమునకు సుమారు పదకొండు నెలల ముందుగా విడుదల చేయనారంభించును. మరల కడపటి వారములలో మిగిలిన సీట్లను విడుచును. బిజినెస్ తరగతిలో ఒక్కొక్క విమానమున రెండు సీట్లకు మించి చిక్కుట కష్టము. నలుగురున్న కుటుంబమునకు అది అడ్డంకి యగునే కాని, దంపతులిద్దరికి సరిగా సరిపోవును. మొదట రెండు మహాసముద్రములను దాటు విమానములలో సీట్లు వెదకి పట్టుకొని, పిమ్మట చిన్న దూరములను వాని చుట్టు అమర్చుకొనవలెను. చిన్నవి మొదట కుదుర్చుకొని పెద్దవానికై తడవులాడువారు తరచుగా భంగపడుదురు. సీటు కంట బడకుండ బ్యాంకు పాయింట్లను విమానసంస్థ ఖాతాలోనికి మార్చరాదు. ఆ మార్పు ఒకమారు జరిగినచో మరల వెనుకకు రాదు. టిక్కెట్టు పాయింట్లతో వచ్చినను పన్నులు, కొన్ని ఐరోపా సంస్థలు విధించు అదనపు రుసుములు డబ్బుగా చెల్లింపవలెను. లండన్‌నుండి బయలుదేరువారిపై బ్రిటిష్ ప్రభుత్వము 1994నుండి ప్రత్యేక సుంకము విధించుచున్నది. ఉన్నత తరగతులకు అది మరింత హెచ్చు గనుక లండన్‌లో మజిలీ చేయువారు దానిని లెక్కలో చేర్చుకొనవలెను. భూప్రదక్షిణ టిక్కెట్టు దొరకనిచో నిరాశపడ నక్కరలేదు: పోవుట కొకటి, వచ్చుట కొకటి విడివిడిగా ఏకమార్గపు అవార్డు టిక్కెట్లను, అవసరమైనచో వేరువేరు ఖాతాలనుండి, తీసికొనవచ్చును. ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ పథకమువంటి వానిలో ఏకమార్గపు టిక్కెట్టుపైనను 5,000 పాయింట్లు అదనముగా ఇచ్చి నడుమ నొకచోట నిలువ వీలున్నది. అయితే ఒకే దిక్కు ప్రయాణమును రెండు టిక్కెట్లుగా చీల్చుట పెద్దల విషయమున మంచిది కాదు. ఒక విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినపుడు, ఒకే టిక్కెట్టుపై నున్నవారిని గమ్యము చేర్చు బాధ్యత సంస్థది, వేరు టిక్కెట్లపై నున్నవారి బాధ్యత వారిదే.

వీసాల సంగతి ఇంతకంటె ముఖ్యము. అమెరికా వీసా యున్నంతమాత్రమున ఐరోపాలో గాని జపానులో గాని ఊరు చూచుటకు వీలు కలుగదు. ఐరోపాకు షెంగెన్ వీసాయు, దానితో కనీసము 30,000 యూరోల వైద్యబీమాయు కావలెను. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండియే అర్జీ పెట్టుకొనవచ్చును. జపాన్ వారి సామాన్య ఏకప్రవేశ వీసాను జారీయైన నాటినుండి మూడు నెలలలోపల వినియోగింపవలెను. అందుచేత అమెరికాలో ఐదారు నెలలుండువారు మరలివచ్చునపుడు జపాను చూడదలచినచో, ఇచ్చట తీసికొన్న వీసా అచ్చటనే గడువు తీరిపోవును. అట్టివారు పోవునపుడే తూర్పుగా పోయి జపాన్‌ను ముందు చూచి, వచ్చునపుడు ఐరోపా మీదుగా రావలెను; లేదా పడమరగానే పోయి, మరలుదారిలో టోకియో విమానాశ్రయమున విమానము మారి, తాయిలాండులో మజిలీ చేయవలెను. రెండు నెలలలోపల మరలువారికి ఈ చిక్కు లేదు.

దిక్కు నిర్ణయించుటలో వయస్సును గూడ గమనింపవలెను. పడమరగా పోవువానికి దినము పొడవగును, తూర్పుగా పోవువానికి కురుచయగును. పొడవైన దినమునకు దేహము త్వరగా అలవాటుపడునని వైద్యులు చెప్పుదురు. పడమరగా సాగువానికి ఉత్తరధ్రువము ఎల్లప్పుడును కుడిచేతి వైపుననే యుండును. మేరువును కుడివైపున నుంచుకొని సూర్యుడు సంచరించునని పురాణములు చెప్పిన దిక్కు ఇదియే. కావున వీసా అనుకూలించినచో పడమటి దిక్కే పెద్దలకు దేహసౌఖ్యమునకును, సంప్రదాయమునకును ఒప్పిన ప్రదక్షిణము. పసిఫిక్ నడుమ దినరేఖను దాటునపుడు క్యాలెండరులో ఒక తేదీ లోపించును. 1522లో మాజెల్లాన్ బృందమున మిగిలిన నావికులు భూమిని తొలిసారి చుట్టి మరలుచు కేప్ వర్డె దీవులను చేరి, తమ దినచర్యలో బుధవారముండగా ఆ దీవులవారికి గురువారమగుట చూచి విభ్రాంతులైరి. నిత్యము పంచాంగమును చూచి తిథివారములను పాటించు మన పెద్దలకు, ఏకాదశియో పితృతిథియో ఆ లోపించిన దినమున పడునా అన్నది నిజమైన ప్రశ్న. బయలుదేరకముందే పురోహితుని అడిగి తేల్చుకొనుట యుక్తము.

ఇంత శ్రమపడి చూడవలసిన దేమున్నదని అడుగువారికి నా సమాధాన మిది. జపానులోని నారా పట్టణమున తోదైజీ ఆలయమందు మహాబుద్ధుని కంచువిగ్రహమునకు 752వ సంవత్సరమున నేత్రోన్మీలనము చేసినవాడు బోధిసేనుడను భారతీయ భిక్షువు. మన కృష్ణాతీరముతో పేరు ముడివడిన ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు ఎనిమిది శాఖలకును మూలపురుషునిగా నేటికిని గౌరవింతురు. నాగార్జునకొండను, అమరావతిని చూచిన తెలుగువాడు నారాలో పరదేశిగా నిలువడు. బ్యాంకాక్‌లో రాజభవనమును ఆనుకొనియున్న మరకతబుద్ధుని ఆలయమునకు పోయినచో, ప్రాకారపు గోడల పొడవునను రామకథయంతయు చిత్రింపబడియుండును. రావణుని, హనుమంతుని, సీతాదేవిని గుర్తించుటకు మన అమ్మలకు మార్గదర్శకుని అవసరము లేదు. ఆ కథ తాయిదేశమున రామకియెన్ అను పేర వెలసి, స్థానికమైన చేర్పులతో ఎట్లు పెరిగినదో వారు తమంతట తామే పోల్చి చూచి ఆశ్చర్యపడగలరు. ఫ్రాంక్‌ఫర్ట్‌నుండి రైలున రైన్ నదీతీరమున సాగి కొలోన్ పోయినయెడల, 1248లో పునాది వేయగా 1880లో గాని పూర్తికాని మహాదేవాలయము కానవచ్చును. తరతరములు కట్టిన గోపురములను ఎరిగిన మనవారికి ఆ ఓర్పు అర్థము కాకపోదు. తమ ధర్మమును, తమ కథలను ఇంటిలోనే యెరిగిన వృద్ధులకంటె ఈ దృశ్యములను సంపూర్ణముగా అనుభవింపగల యాత్రికు లెవరు? ఇరువదేండ్ల యువకుడు చూచు నారా వేరు, ఆరువదియైదేండ్ల గృహిణి చూచు నారా వేరు.

ఇట్టి యాత్రలో మజిలీల సంఖ్యను తగ్గించుటయే వివేకము. నియమము పెక్కు చోట్ల నిలువనిచ్చినదని అన్ని చోట్లను నిలుచుట, పాయింట్లకు తగిన ప్రతిఫలము రాబట్టవలెనను ఆతురతతో యాత్రను పాడుచేసికొనుటయే. పోవుటలో ఒకచోట నాలుగు దినములు, వచ్చుటలో ఒకటి రెండు చోట్ల అట్లే నిలిచినచో మోకాళ్ళు నొచ్చువారికిని విశ్రాంతి చిక్కును. పదునెనిమిది గంటలు ఏకధాటిగా కూర్చుండు బాధయు తప్పును. శాకాహారపు భోజనమును, చక్రాల కుర్చీని టిక్కెట్టు తీసికొన్ననాడే అడిగియుంచవలెను. మందుల చీటీని ఇంగ్లీషున వ్రాయించి దగ్గర నుంచుకొనవలెను. వీలైనచో బిడ్డలలో ఒకరు ఒక మజిలీకి వచ్చి కలిసికొనవలెను. పాయింట్లు ఇచ్చుటకంటె తోడుగా నడచుటయే పెద్దలు ఎక్కువగా కోరునది.

ఇక త్వరపడవలసిన కారణమును చెప్పుదును. పాయింటు ఆస్తి కాదు, వాగ్దానము మాత్రమే. గాదె మనదైనను కుంచము పరుని చేతిలో నున్న ధాన్యము వంటిది. సభ్యుల కిచ్చిన నియమావళిలోనే, పాయింట్లు సభ్యుని సొత్తు కావనియు, పట్టికను ఎపుడైనను మార్చు అధికారము తమదేననియు సంస్థలు వ్రాసికొన్నవి. పైన చెప్పిన ఆల్ నిప్పన్ వారి భూప్రదక్షిణ టిక్కెట్టు 2025 జూన్ మాసముతో ముగిసిపోయినది. ఏండ్ల తరబడి దానికై కూడబెట్టినవారు వేరు దారులు వెదకుకొనవలసివచ్చెను. 2014లో అమెరికా సుప్రీము కోర్టు ఒక వ్యాజ్యమున, సభ్యత్వము రద్దుచేయుటలో సంస్థ సద్భావముతో వర్తింపలేదను వాదమునకు రాష్ట్రచట్టము ఆధారము కాజాలదనియు, 1978 నాటి కేంద్రశాసనము దానిని త్రోసిపుచ్చుననియు ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఇటు సభ్యునికి హక్కు లేదు. అటు సంస్థకు మాత్రము ఈ పాయింట్ల పథకమే మహానిధి: 2020లో యునైటెడ్ వారు తమ పథకము విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లని చూపి, దానిని తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చిరి. తాకట్టు పెట్టుటకు చాలినంత గట్టిదైన సంపద, సభ్యుని చేతిలో మాత్రము గాలికి ఎగిరిపోవునంత తేలికది కారాదు. పట్టికను మార్చదలచిన సంస్థ కనీసము ఒక సంవత్సరము ముందుగా తెలుపవలెననియు, అంతవరకు కూడిన పాయింట్లకు పాతధరయే వర్తింపవలెననియు ప్రభుత్వములు శాసింపవలెను. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణాశాఖ నాలుగు పెద్ద సంస్థల పథకములపై విచారణ ప్రారంభించినది. మన పౌరవిమానయాన శాఖయు, రిజర్వు బ్యాంకును ఈ విషయమును తమ బాధ్యతగా స్వీకరింపవలెను. ఆ శాసనము వచ్చువరకు కూడబెట్టి దాచుట అవివేకము.

ఈ పాయింట్ల మూలమును గూర్చి సత్యమును దాచరాదు. కార్డు గీచినపుడెల్ల దుకాణదారు కొంత రుసుము చెల్లించును. అతడు దానిని సరకుల ధరలో కలుపును. రొక్కముతో కొనువాడు పాయింట్లు పొందకయే ఆ ధరను చెల్లించును. బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో వెలువరించిన పరిశీలనలో, అమెరికాలో రొక్కము వాడు కుటుంబము ఏడాదికి సగటున 149 డాలర్లు పోగొట్టుకొనుచుండగా, కార్డు వాడు కుటుంబము 1,133 డాలర్లు పొందుచున్నదని తేల్చిరి. పేదవాని జేబునుండి కొంత కదలివచ్చిన ఈ సంపదను కూపన్లకును వ్యర్థాడంబరమునకును వెచ్చించుట తగదు. బాకీ మిగుల్చుకొని పాయింట్ల వెంటబడువారు మరింత నష్టపడుదురు. మనదేశమున కార్డు బాకీపై వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు దాటుచుండగా, ఏ విమానపు సీటును ఆ నష్టమును పూడ్పజాలదు. అట్లే, ప్రపంచపు కార్బన్ డయాక్సైడులో సుమారు రెండున్నర శాతము విమానములనుండి వెలువడుచున్నది. బిజినెస్ తరగతి ప్రయాణికుని వంతు సామాన్యునికి అనేక రెట్లు. ఆకాశమును మలినపరచుచు పాయింట్లకొరకే ఎగురువారిని నేను సమర్థింపను. కాని బిడ్డలను చూచుటకై ఎట్లును చేయు ప్రయాణమునకు 1,400 మైళ్ళు చేర్చి భూమినంతటిని చూచుట, వేరువేరుగా మూడు విహారయాత్రలు చేయుటకంటె తక్కువ భారము. ఆరోగ్యము సహకరించినచో బిజినెస్ తరగతిని మహాసముద్రములను దాటు రెండు విమానములకే పరిమితము చేయుట ఉచితము.

మన పెద్దలలో అత్యధికులు తమ యౌవనమును బిడ్డల ఫీజులకును, హాస్టళ్ళకును, విదేశపు చదువుల అప్పులకును ధారపోసినవారు. తమకై యాత్ర తలపెట్టినవారు కారు. అమెరికాకు వారు పోవుటయు పురుటికో, పసిబిడ్డల సాకుటకో. వినాయకవ్రతకథలో ముల్లోకములలోని పుణ్యనదుల స్నానఫలమును విఘ్నేశ్వరుడు తలిదండ్రులకు ప్రదక్షిణము చేసి పొందెను. ఆ కథ విని పెరిగిన బిడ్డలకు, ఆ తలిదండ్రులచేతనే భూప్రదక్షిణము చేయించు అవకాశము నేడు అరచేతిలో నున్నది. వచ్చు ఏడాది తలిదండ్రులను పిలువదలచినవారు ఈ దినముననే తమ ఖాతాలను లెక్కించి, పాస్‌పోర్టుల గడువులు చూచి, పదకొండు నెలల ముందరి తేదీకి రెండు సీట్లు వెదకుడు. రానుపోను టిక్కెట్టు కొనబోవు ప్రతిమారును, మరలుదారి వేరొక సముద్రము మీదుగా కుదురునా అని అడుగుడు. ఓపిక యున్నంతలో, నడువగల కాళ్ళున్నంతలో వారిని పంపుడు. పాయింట్లు మరల కూడబెట్టుకొనవచ్చును, వారి వయస్సును కూడబెట్టుట ఎవరి తరమును కాదు.